ఆమెను దూరం పెట్టింది ఎవరు?

ఈ మధ్య మా కాలేజీలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. "మేడం, మీరు గిన్నేండ్లు చేసిన పని నాకు అప్పజెప్పిండ్రు. మొదాలు ఏం తెల్సుకోవాల్నో జెర చెప్పుండ్రి" అని అడిగింది. టీ తాగే లోపల చెప్పేది కాదు కాబట్టి రాసిస్తానన్నాను. రాయడానికి కూర్చుంటే ఒళ్ళు బరువెక్కుతోంది, కానీ మాట ఇచ్చాను. ఇది ఆమె కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసం. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు, ఉన్నా ఎవరికీ పనికిరావు.

బస్సులో చెప్పలేని ఉద్యోగం

నిజామాబాద్ పట్టణం చివర ఒక చిన్న క్రైస్తవ వేదాంత కళాశాల. అందులో పీజీ విద్యార్థులకు ప్రాచీన యూదుల చరిత్ర, క్రైస్తవం ఎలా పుట్టిందన్న చరిత్ర చెప్పడం, వాళ్ళ థీసిస్‌లకు గైడ్‌గా ఉండటం నా ఉద్యోగం. చదువుకునేవాళ్ళలో ఎక్కువమంది పాస్టర్లు కావాలని వచ్చేవాళ్ళే. బోధన్ చెరుకు ఊళ్ళ నుంచి, భీమ్‌గల్ నుంచి, మెండోర నుంచి వచ్చేవారు. వాళ్ళ ఇళ్ళల్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి చాలాసార్లు వాళ్ళే.

నాది బోధన్. మా బాపు షుగర్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాడు. నేను సెలవులకు బోధన్‌లో, మిగిలిన రోజుల్లో నిజామాబాద్‌లో, మధ్యలో బస్సులో బతికాను. బస్సులో పక్క సీటులో కూర్చున్నవాళ్ళు నౌకరీ ఏంటని అడగకుండా ఉండరు. ఒకసారి ఎడపల్లిలో దిగాల్సిన ఒక రైతు అడిగాడు. రెండువేల ఏండ్ల కిందటి యూదుల చరిత్ర చెప్తానన్నాను.

"గా యూదులు ఏ మండలంల ఉంటరు మేడం?"

"మన జిల్లాలో లేరు. ఎన్నడూ లేరు."

ఆయన తలపాగా సర్దుకున్నాడు. "మరి లేనోళ్ళ ముచ్చట ఉన్నోళ్ళకెందుకు?" అన్నాడు.

అప్పుడు నవ్వేశాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే ఉద్యోగమంతా పట్టింది. మన చర్చిల్లో ఆదివారం ఆదివారం ఆ లేనివాళ్ళనే తిడతారు. ప్రసంగంలో ఒక చెడ్డవాడు కావాల్సి వస్తే యూదుడు సిద్ధంగా ఉంటాడు. ధర్మశాస్త్రం పాటించే పరిసయ్యుడంటే వేషధారి, దేవాలయంలో సేవ చేసే యాజకుడంటే రాతిగుండె. లేనివాళ్ళను తిట్టడం తేలిక, లేచి ఎదురు మాట్లాడరు కదా. ఆ తిట్లు వింటూ పెరిగిన పిల్లలు థీసిస్ రాయడానికి వస్తారు. తాము విన్నదే చరిత్ర అనుకుంటారు. అది కాదని చెప్పడమే మన ఉద్యోగం, అందులో అలసట తప్ప చప్పట్లు ఉండవు.

వేలు పెట్టి చూపించు

ఈ పని నాకు నేర్పింది మా మొదటి శాఖాధిపతి ప్రసాదరావు గారు. ఆయన నోట మెచ్చుకోలు మాట ఒక్కటి నేను వినలేదు. ఎవరేం రాసుకెళ్ళినా ఆయన అడిగేది ఒకటే, "ఎక్కడుంది?" పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. వేలు పెట్టలేకపోతే ఆ మాట కొట్టెయ్యాలి.

ఆ కాలంలో భీమ్‌గల్ పిల్లవాడొకడు, యేసు నాటి యూదులందరూ రోమన్లను తరిమికొట్టే ఒక మెస్సీయ కోసం, అంటే దేవుడు పంపే రక్షకుడి కోసం, ఎదురుచూశారని రాశాడు. ప్రసాదరావు గారు ఎక్కడుందన్నారు. వాడు లైబ్రరీలో ఉన్న వ్యాఖ్యాన గ్రంథాలన్నీ సంకలో పెట్టుకుని వచ్చాడు. ఆయన వాటిని చూడను కూడా చూడలేదు. "ఇవన్నీ ఆ తానులో ముక్కలే. ఒకడు రాశాడు, మిగతావాళ్ళు వాణ్ణి చూసి రాశారు. ఆ కాలంవాళ్ళు ఏమన్నారో అది తీసుకురా" అని పంపేశారు. వాడు తిట్టుకుంటూ వెళ్ళి చదివాడు. చదివితే, కొందరు ఒక మెస్సీయ కోసం చూశారు, ఎడారి దగ్గర బతికిన ఒక గుంపు ఇద్దరి కోసం చూసింది, చాలామంది ఎవరి కోసమూ చూడకుండా పన్నులు కట్టుకుంటూ పొలం పని చేసుకున్నారు. వాడి థీసిస్ మొత్తం మారిపోయింది, దాంతోపాటు వాడూ మారాడు.

అయితే ప్రసాదరావు గారిని దేవుణ్ణి చేయొద్దు. ఆయన కసురుకి చదువు మానేసి వెళ్ళిపోయిన పిల్లలున్నారు. మంచి పద్ధతి నేర్పిన మనిషి మంచి మనిషే అయి ఉండాలని లేదు. పద్ధతి తీసుకోండి, ఆ గొంతు తీసుకోకండి. నేను కొంత గొంతు కూడా తీసుకున్నానని నా విద్యార్థులు అంటారు, అననీండి.

హసీనా ఆపా వాకిట్లో

ఈ చదువులో మన పిల్లలకు కొరుకుడు పడనిది శుద్ధి, అశుద్ధి సంగతి. యూదుల ధర్మశాస్త్రంలో ఎన్నో విషయాలు మనిషిని అశుద్ధం చేస్తాయి. శవాన్ని ముట్టుకోవడం, పురుడు పోసుకోవడం, ఆడవాళ్ళ నెలసరి, మగవాళ్ళ వీర్యం, కొన్ని రోగాలు. కొంతకాలం ఆగి, స్నానం చేసి, సాయంత్రం దాకా ఉంటే చాలావరకు పోతుంది. యాజకుడికైనా కూలివాడికైనా ఇదే లెక్క. మన పిల్లలు ఇది చదవగానే ఒకే మాట రాస్తారు, అంటరానితనం అని. వాళ్ళ తప్పు కాదు. ఆ ముద్ర వేయించుకున్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇంకేం కనబడుతుంది?

బోధన్‌లో మా పక్కిల్లు హసీనా ఆపాది. ఉర్దూ టీచరుగా చేసి రిటైరైంది. ఒకరోజు ఆమె నమాజుకు ముందు నల్లా దగ్గర వజూ చేసుకుంటోంది, చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుంటోంది. నేను గోడ ఇవతల నుంచి నా గోడు వెళ్ళబోసుకున్నాను, పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కట్లేదని.

"అరె, గిండ్ల సమజ్ కానిదేమున్నది సువార్తా?" అంది ఆపా. "వజూ పోతది, మళ్ళ చేస్తం. వజూ పోవుడు గునా కాదు గదా. పండుకుంటే పోతది. పండుకునుడు తప్పా?"

మరుసటి వారం క్లాసులో అదే చెప్పాను. శవాన్ని మోసినవాళ్ళు ఇంటికొచ్చి స్నానం చేస్తారు, మొయ్యడం పాపమా అని కూడా అడిగాను. అశుద్ధం వేరు, పాపం వేరు అన్నది ఆ రోజు వాళ్ళకు ఎక్కింది. కానీ ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పాను. స్నానంతో పోయేది ఒకటి. పుట్టుకతో అంటగట్టి, చచ్చినా వదిలిపెట్టనిది ఇంకొకటి. మన దేశపు అంటరానితనాన్ని తీసుకెళ్ళి యూదుల మీద వేస్తే వాళ్ళకు అన్యాయం జరుగుతుంది, ఇక్కడ దాన్ని పెట్టినవాళ్ళు తప్పించుకుంటారు.

కరుణ

ఇక ఈ కాగితాలు రాయడానికి అసలు కారణం కరుణ.

మంజీర ఒడ్డున ఒక ఊరు ఆమెది. తండ్రి లేడు. తల్లి దేవమ్మ ఒకప్పుడు చెరుకు నరికేది, ఇప్పుడు నాట్లకు పోతుంది, పసుపు తవ్వే కాలంలో మోర్తాడ్ వైపు కూలికి వెళ్తుంది. కరుణ పాస్టరు కావాలనుకుంది. వాళ్ళ ఊళ్ళో ఆడమనిషి ఎవరూ కాలేదు. చదువు పూర్తయ్యాక సొంత ఊరి సంఘం సిఫారసు చేస్తేనే పాస్టరుగా అభిషేకం ఇస్తారు, అది మా దగ్గర కాయిదా. ఆ సంఘానికి పెద్ద యోహాను గారు, కరుణకు సొంత పెద్దబాపు. తమ్ముడి బిడ్డను ట్రంకుపెట్టెతో సహా మా హాస్టల్‌కు తెచ్చి దింపింది ఆయనే. "మా బిడ్డను మంచిగ తయారు జెయ్యుండ్రి మేడమ్మా, మా చర్చిల నిలవడాలె" అని నాకు అప్పగించి వెళ్ళాడు.

కరుణ థీసిస్ బైబిల్ సువార్తలోని రక్తస్రావం ఉన్న స్త్రీ కథ మీద. చాలా ఏండ్లుగా రక్తం ఆగని ఒక స్త్రీ, గుంపులో వెనక నుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టుకుని బాగుపడుతుంది. మన చర్చిల్లో అందరికీ తెలిసిన కథ. మొదటి డ్రాఫ్టులో కరుణ రాసింది, యూదులు ఆమెను అంటరానిదాన్ని చేసి ఊరి బయట ఉంచారని, యేసు ఆ చట్టాన్ని తెంచేశాడని. కింద ఫుట్‌నోట్లు బారులు తీరి ఉన్నాయి.

"ఊరి బయట ఉంచిండ్రని ఎక్కడున్నది?" అన్నాను.

"అందరు గదే రాసిండ్రు మేడం."

"అందర్ని పక్కన పెట్టు. కథ సదువు. ఏలు పెట్టి చూపియ్యి."

చదివింది. గుంపు తోసుకుంటోంది. ఆమె ఆ గుంపులోనే ఉంది. ఎవరూ దూరం పొమ్మనలేదు. ఎవరూ ఛీ అనలేదు. నన్ను ముట్టుకున్నది ఎవరని యేసు అడిగితే, ఇంతమంది తోసుకుంటుంటే ఎవరని చెప్పేదని శిష్యులు విసుక్కున్నారు. అశుద్ధం అన్న మాటే ఆ కథలో లేదు. వైద్యులకు ఉన్నదంతా పెట్టినా జబ్బు ఇంకా ముదిరిందని మాత్రం ఉంది. కరుణ వేలు పేజీ మీద పైకీ కిందికీ తిరిగింది, ఎక్కడా ఆగలేదు.

ఆమెకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. "మా అమ్మకు గీ కథంటే పానం మేడం. ఊర్ల బాయి కాడికి రానియ్యలే మమ్ముల్ని. హోటల్ల వేరే గిలాస పెట్టిండ్రు. గా అంటరాని ఆడిదాన్ని యేసయ్య ముట్టుకోనిచ్చిండు అని పాస్టరు చెప్తుంటె అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తది. ఇప్పుడు నేను పోయి గట్ల లేదమ్మా అని చెప్పాల్నా?"

నేను అన్నాను, "కథ తీసెయ్యమంటలేను బిడ్డా. కథల లేని పగోళ్ళను తీసెయ్యమంటున్న. మీ అమ్మను బాయి కాడ ఆపినోళ్ళు యూదులు కాదు గదా."

చాలా రోజులు ఆమె నా గది వైపు రాలేదు. మానేసిందేమో అనుకున్నాను. గైడ్ అన్నాక ఇలాంటి రోజులుంటాయి. పిలిచి బుజ్జగిస్తే నా కోసం రాస్తారు. వదిలేస్తే ఒక్కోసారి రానే రారు.

వచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది. "మేడం, మా చర్చిల నెల మొదటి ఆయితారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇస్తరు. గా దినం నెలసరై దూరమున్న ఆడోళ్ళు లోపలికి రారు. వరండాల కూసుంటరు. నేను గూడ పెద్దమనిషినైనకాంచి గట్లనే కూసున్న. లోపల పాస్టరు గీ కథనే చెప్తడు, యేసయ్య అన్నీ తీసేసిండని. బయట మేము వింటం. ఒక్కనాడు గూడ నాకు అనుమానం రాలే." అప్పుడు కుర్చీ లాక్కుని అంది, "ఆమెను దూరం పెట్టినోళ్ళను ఏలు పెట్టి చూపియ్యమన్నరు గదా. చూపిస్త. మా సంఘమే."

నా ఉద్యోగంలో ఒక విద్యార్థి చేతిలో థీసిస్ పుట్టడం కళ్ళారా చూసింది ఆ రోజే.

తర్వాత గొడ్డుచాకిరీ. ఆ శుద్ధి నియమాలు ముఖ్యంగా దేవాలయంలోకి వెళ్ళడానికి సంబంధించినవని, గలిలయ పల్లెలో ఉన్న మనిషికి దేవాలయం రోజుల ప్రయాణమని, ఊళ్ళల్లో తవ్వకాల్లో దొరికిన మెట్ల నీటి గుంటలు శుద్ధి చేసుకోవడానికే తప్ప మనుషులను వెలివేయడానికి కాదని ఒక్కొక్కటి పట్టుకుంది. ఇంకా ముందుకు వెళ్ళింది. మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఒక బిషప్పు, నెలసరిలో ఉన్న క్రైస్తవ స్త్రీలు బల్ల దగ్గరికి రావద్దని రాశాడు. దాదాపు ఆ కాలంలోనే సిరియాలో క్రైస్తవ పెద్దలు, ఆ రోజుల్లో తమంతట తామే దూరంగా ఉంటున్న స్త్రీలను అలా ఉండొద్దని మందలించారు. ఆ వాదన యూదుల ఇంట్లోది కాదు, క్రైస్తవుల సొంత ఇంట్లోది, అప్పట్నుంచీ తెగలేదు. చివరి అధ్యాయం తమ ఊరి వరండా మీద రాసింది.

మెత్తటి బాస్

అప్పటి మా ప్రిన్సిపాల్ ప్రసాదరావు గారి లాంటి మనిషి కాదు. చాలా మంచివాడు. ఎవరినీ నొప్పించడు. నన్ను పిలిచి బిస్కెట్లు పెట్టించాడు, ఏదో వద్దనబోతున్నాడని అప్పుడే అర్థమైంది.

"సువార్తమ్మ గారు, థీసిస్ మస్తున్నది. గా ఆఖరి అధ్యాయం ఒక్కటి లేకుంటే ఏం పోతది? ప్రాచీన చరిత్ర మీద రాస్తున్నప్పుడు మన ఊరి వరండా ఎందుకు?"

అడగదగిన ప్రశ్నే. నేను చెప్పాను, "తప్పు అక్కడ పుట్టలే సార్, ఇక్కడ పుట్టింది. పుట్టిన జాగ చెప్పకుంటే అది చరిత్ర ఎట్లయితది?"

"పిల్ల భవిష్యత్తు చూడుండ్రి. సంఘం సిఫారసు ఇయ్యకుంటే పాస్టరు కాదు. మీరేమో రేపో ఎల్లుండో రిటైరైతరు."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. నేను కరుణను కూర్చోబెట్టి రెండు పక్కలా చెప్పాను. అధ్యాయం తీసేస్తే థీసిస్ నిలబడుతుంది, పాస్టరు అవుతావు, అయ్యాక వరండా సంగతి చూసుకోవచ్చు. ఉంచితే థీసిస్ ఇంకా బలంగా ఉంటుంది, పెద్దబాపు ఒప్పుకోకపోవచ్చు. తీసెయ్యమని గానీ ఉంచమని గానీ నేను అనలేదు. పొలం ఆమెది, నేను గట్టు మీద నిలబడ్డదాన్ని.

"తీసేసి పాస్టరునైతే, తీసేసిన పాస్టరునే అయిత గదా మేడం" అంది. ఉంచింది.

బాసుల గురించి నాకు తెలిసింది ఇంతే. కసిరే బాసు దగ్గర గాయం కనబడుతుంది, మందు వేసుకోవచ్చు. నొప్పించని బాసు దగ్గర ఏ అధ్యాయం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

పెద్దబాపు మాట

యోహాను గారు మా ఇంటికే వచ్చాడు. కరుణ కూడా వెంట ఉంది. చాయ్ ఇస్తే పక్కన పెట్టాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను, రాలేదు.

"అమ్మా, శుద్ధం లేనోళ్ళమని ఊరు మమ్ముల్ని దూరం పెట్టింది. మా తాత చర్చి కట్టినప్పుడు ఒకటే మాటన్నడు, ఎవ్వడు మనల్ని ఏలెత్తి చూపకుండ ఉండాలె అని. తానం చెయ్యంది లోపలికి రావద్దన్నడు. తాగినోడు రావద్దన్నడు. ఆడోళ్ళది గూడ గట్లనే పెట్టిండు. గది మాకు ఇజ్జత్ అమ్మా. ఇప్పుడు మా బిడ్డనే గది తప్పని బుక్కుల రాస్తే ఊరు నవ్వదా?"

కరుణ అంది, "పెద్దబాపు, బాయి కాడ మనల్ని ఆపితే నీకెట్లుండె? వరండాల అమ్మోళ్ళకు గూడ గట్లనే ఉంటది."

ఆయన ముఖం నల్లబడింది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు, గిదే" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి భుజం మీది తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు పాస్టరు కావాలని నాకన్న ఎక్కువ ఎవ్వరు కోరలే బిడ్డా. గని గీ చేతితోని నేను సంతకం పెట్ట." అని వెళ్ళిపోయాడు. చాయ్ అలాగే చల్లారిపోయింది.

వైవా బాగా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఈజిప్టు బిషప్పు మీద గుచ్చి గుచ్చి అడిగాడు, అమ్మాయి తడబడలేదు. ఇక్కడినుంచి ఇలాంటి పని వస్తుందనుకోలేదని ఆయన అన్నాడు. పొగిడాడో, మనల్ని తక్కువ చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. థీసిస్ బైండు చేయించి లైబ్రరీలో పెట్టారు. దాన్ని ఎవరూ తీసినట్టు లేదు. మన రంగంలో పుస్తకాల గతి చాలావరకు ఇదే, కొత్తగా వచ్చేవాళ్ళు ముందే తెలుసుకోవడం మంచిది.

సిఫారసు రాలేదు. కరుణ ఊరికి వెళ్ళిపోయి, బోధన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పడానికి చేరింది. నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పి, ఎందరినో పాస్టర్లుగా తీర్చిదిద్దారని నన్ను పొగిడారు. నాకు మాత్రం పాస్టరు కానివ్వని ఆ ఒక్కతే కళ్ళ ముందు కదిలింది. ఆ రోజు చాలా దిగులేసింది. ఇంత చదువు చెప్పి ఆ పిల్లకు నేను చేసిందేమిటి, ఉన్న దారి మూయించడం తప్ప అనిపించింది.

నెల మొదటి ఆదివారం

ఒకనాడు కరుణ ఫోన్ చేసింది. "మేడం, ఒక్కసారి మా ఊరికి వస్తరా? మొదటి ఆయితారం రండి."

వెళ్ళాను. చెరుకు ఉన్నచోట ఇప్పుడు అంతా వరి. బస్సులో వెనక సీట్లలో మరాఠీ మాటలు వినబడుతున్నాయి. చర్చి ఊరికి ఆ కొసన, రేకుల వరండాతో ఉంది. ఆరాధన అప్పటికే మొదలైంది. వరండా నిండా ఆడవాళ్ళు. కొందరు మెట్ల మీద, కొందరు కింద బోర్లించిన తట్టల మీద కూర్చున్నారు. నేను కంగారుపడ్డాను, లోపల ఖాళీ లేదేమో అనుకుని తలుపులోంచి చూశాను. మగవాళ్ళ వైపు నిండుగా ఉంది. ఆడవాళ్ళ వైపు పరిచిన చాపల మీద ఎవరూ లేరు.

కరుణ జరిగి నాకు చోటిచ్చింది. గుసగుసగా చెప్పింది. ఊరికి తిరిగొచ్చినప్పటి నుంచి బల్ల ఉన్న ప్రతి ఆదివారం ఆమె వరండాలోనే కూర్చుంటోంది, దూరమున్నా లేకున్నా. మొదట్లో ఒక్కతే. ఆ తర్వాత దేవమ్మ వచ్చి పక్కన కూర్చుంది. దేవమ్మకు నెలసరి ఆగి చాలా కాలమైంది.

"నేను చెప్పలే మేడం, ఎవ్వరికి చెప్పలే. ఒక్కొక్కరే వచ్చి కూసున్నరు."

దేవమ్మ నా వైపు వంగింది. "ఎవరు దూరమో ఎవరు కాదో ఇప్పుడు ఎవరికెర్క మేడమ్మా? అందరం గీడనే ఉన్నం." నవ్వింది. ఆ కథలో ఊరివాళ్ళు ఆ స్త్రీని వెళ్ళగొట్టలేదట కదా అని అడిగింది. లేదన్నాను. "మంచిగైంది పో. ఒక్క ఊరన్న మంచిది ఉండె" అంది.

లోపల రొట్టె పంచడం మొదలైంది. మగవాళ్ళకు ఇచ్చాక పాస్టరు, చిన్న వయసు కుర్రాడు, పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ వైపు తిరిగి ఆగిపోయాడు. చాపలు ఖాళీగా ఉన్నాయి. యోహాను గారు లేచి గుమ్మంలోకి వచ్చి, తలుపుకు అడ్డంగా నిలబడి మమ్మల్నందరినీ చూశాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. అందరిలోకీ పెద్దదైన ఒక ముసలమ్మను అడిగాడు, "నీకేమాయెనే అవ్వా? నీ మన్మరాలికే పిల్లలాయె. నువ్వెందుకు బయట కూసున్నవ్?"

"కాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా, గడప ఎక్కలేను" అంది ముసలమ్మ. "గా రొట్టెనే ఇటు పట్టుకరారాదు."

ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. యోహాను గారు నవ్వలేదు. కరుణ వైపు చూశాడు. ఆమె తల దించలేదు. పాస్టరు ఆయన వెనకాల పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. పొమ్మంటాడో, తలుపు వేస్తాడో అనుకున్నాను. ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాడు.

పాస్టరు గడప దాటి వచ్చాడు. ముసలమ్మతో మొదలుపెట్టి ఒక్కొక్కరి చేతిలో రొట్టె ముక్క పెడుతూ పోయాడు. దేవమ్మ రెండు చేతులూ చాపింది. కరుణ తీసుకుంది. అందరికీ అందేదాకా ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు, అది అక్కడి పద్ధతి. పళ్ళెం నా దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయింది. బయట ఇంతమంది తీసుకుంటారని లోపల ఎవరూ అనుకోలేదు. కుర్రాడు ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

కరుణ తన చేతిలోని ముక్కను తుంచింది. రొట్టె ఇస్తూ పాస్టర్లే అనే "ఇది మీ కొరకైన నా శరీరము" అన్న మాటలు నాకు మాత్రమే వినబడేలా అని, సగం నా అరచేతిలో పెట్టింది.